హార్ప్సికార్డ్ శ్రుతికి టి-కీ: పియానో లీవర్ అలవాటైన చేతులకు ఒక సమీక్ష

పియానోను శ్రుతి చేసే పొడుగు లీవర్‌కే చిన్న టిప్ బిగించి, తీగలను మీటి మోగించే పాత కీబోర్డ్ వాద్యమైన హార్ప్సికార్డ్‌ను శ్రుతి చేసేయవచ్చని అనుకునే టెక్నీషియన్లు ఉన్నారు. చేయవచ్చు, కానీ చేయకూడదు. అడ్డంగా ఒక చెక్క పిడి, నిటారుగా ఒక కాడ, అడుగున, తీగ చుట్టుకునే పిన్ తల పట్టే గుంట. టి-కీ అంటే ఇంతే. పియానో సామాను పక్కన పెడితే ఆటవస్తువులా ఉంటుంది. అయినా ఈ పనికి దీన్ని మించిన పనిముట్టు లేదు.

కారణం తీగల్లో ఉంది. పియానోలో ఒక్కో తీగ మీద 70 కిలోలు, ఆ పైన లాగుడు ఉంటుంది. హార్ప్సికార్డ్ పై స్థాయిలో పావు మిల్లీమీటరు ఇనుప తీగ మోసేది సుమారు 5 కిలోలే. పిన్ మందం కూడా 7 మి.మీ. కాదు, దాదాపు 5. అంత సన్నని పిన్‌ను ఒక్క డిగ్రీ తిప్పితే 0.04 మి.మీ. తీగ చుట్టుకుంటుంది. పొట్టి తీగలో పది, ఇరవై సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) మారడానికి అది చాలు. పొడుగాటి లీవర్ పెడితే దాని బరువుకే పిన్ ఒరుగుతుంది, చెయ్యి తీయగానే శ్రుతి కదులుతుంది. పైగా పియానో చేతికి స్వరాన్ని కాస్త పైకి లాగి వెనక్కి దించి పిన్‌ను కుదర్చడం అలవాటు. ఇక్కడ ఆ పైకి లాగడంలోనే తీగ తెగుతుంది, ఎందుకంటే పై స్థాయి తీగల పొడవులను తెగే హద్దుకు దగ్గరగా ఉండేలాగే నిర్ణయిస్తారు. టి-కీతో అంత బలం పెట్టలేం. అదే దాని గొప్ప. మోచేత్తో కాకుండా వేళ్లతో తిప్పిస్తుంది.

కొనేటప్పుడు అన్నిటికన్నా ముందు చూడాల్సింది గుంట. పాత పద్ధతి పిన్లకు తల చదునుగా ఉంటుంది. సన్న మర ఉన్న జిథర్ పిన్లకు చతురస్రంగా ఉంటుంది. కాలిపర్‌తో కొలిచి, పిన్ మీద ఏమాత్రం ఆడకుండా కూర్చునేదే తీసుకోవాలి. వదులుగా ఉంటే తల అంచులు అరిగిపోతాయి, చేతి కదలిక పిన్‌కు సరిగ్గా అందదు. ఒకే వాద్యం చూసుకునేవారికి ఏకముక్క కీ మేలు. నాలుగైదు రకాల వాద్యాలకు తిరిగేవారికి టిప్పులు మార్చుకునేది తప్పదు, కానీ దాని మర ప్రతిసారీ గట్టిగా బిగిసి ఉందో లేదో చూసుకోవాలి. కాడ మరీ పొట్టిదైతే పిడి నేమ్‌బోర్డుకు, అంటే మెట్ల వెనక నిలువు పలకకు, తగులుతుంది.

లోపాలూ ఉన్నాయి. కొత్త వాద్యంలో బిగుసుకున్న పిన్ల మీద అరచెయ్యి నొప్పెడుతుంది, సన్నగా తిప్పడం కష్టమవుతుంది. మర లేకుండా కిందికి సన్నబడే పిన్ జారుతుంటే తిప్పుతూనే కిందికి నొక్కాలి. అప్పటికీ నిలవకపోతే చిన్న సుత్తితో మెల్లగా తట్టాలి.

ఎక్కువ తీగలు తెగేది వేరే తీగ పిన్‌కు కీ పెట్టడం వల్ల. రెండు 8 అడుగుల తీగ వరుసలు (మామూలు స్థాయిలో పలికేవి), ఒక 4 అడుగుల వరుస (ఒక ఆక్టేవు పైన పలికేది) ఉన్న వాద్యంలో పిన్లు కిక్కిరిసి ఉంటాయి. మెట్టు నొక్కి, కీని ముందు వెంట్రుకవాసి కిందికే వదలండి. స్వరం దిగితేనే అది ఆ తీగ పిన్. దిగకపోతే అక్కడే ఆగాలి. పక్క తీగలను మోగకుండా ఆపడానికి పియానోకు వాడే ఫెల్ట్ పట్టీల అవసరం లేదు, మిగతా వరుసలను ఆపేస్తే సరిపోతుంది. ముందు ఒక 8 అడుగుల వరుస పూర్తిచేసి, దానికి రెండోది కలిపి, చివర్లో 4 అడుగులది చేయాలి. స్వరం త్వరగా ఆరిపోతుంది కనుక బీట్లు (రెండు స్వరాలు సరిగ్గా కలవనప్పుడు వినిపించే అల) వినడానికి మెట్టును మళ్లీ మళ్లీ మోగించాలి.

ట్యూనర్ యాప్ వాడేవారు పియానో స్ట్రెచ్, అంటే ఆక్టేవులను కాస్త సాగదీసే అమరిక, తీసేయాలి. ఈ సన్న తీగలకు అది అక్కర్లేదు, ఉంచితే ఆక్టేవుల్లో బీట్లు వస్తాయి. A స్వరం 415 హెర్ట్జ్‌కు చేసిన వాద్యాన్ని 440కి ఎక్కించమంటే ఒప్పుకోవద్దు. లాగుడు 12 శాతం పెరుగుతుంది. టెంపరమెంట్‌కు, అంటే స్వరాల మధ్య దూరాలను సర్దే పద్ధతికి, వలొట్టి అనేది మంచి మొదలు. ఎఫ్ నుంచి బి వరకు వచ్చే ఆరు ఫిఫ్త్‌లు (సా–పా దూరాలు) 3.9 సెంట్ల చొప్పున తగ్గుతాయి, మిగతా ఆరూ శుద్ధమైన సా–పాలే. సమాన విభజనతో పోల్చి, A స్వరాన్ని సున్నా అనుకుంటే సి +5.9, జి +3.9, ఎఫ్ +7.8, బి −3.9 సెంట్లు.

మర్నాటికి శ్రుతి మారితే తప్పు కీ మీదకు నెట్టే ముందు వరుసంతా వినండి. గాలిలో తేమ పెరిగితే సౌండ్‌బోర్డు ఉబ్బి స్వరాలు కలిసికట్టుగా ఎక్కుతాయి. గది వేడెక్కితే ఇనుము కన్నా మంద్రంలోని ఇత్తడి తీగలు ఎక్కువ దిగుతాయి. చుట్టూ అన్నీ నిలిచి ఒకటో రెండో మాత్రమే దిగితే ఆ పిన్ జారుతోందన్నమాట.