స్మోక్ అలారమా, స్ప్రింక్లరా?

ఇంట్లో నిప్పంటుకుంటే ఏది మేలు: పొగను పసిగట్టి మోగే స్మోక్ అలారమా, సీలింగ్ నుంచి మంటపై నీళ్లు చిమ్మే స్ప్రింక్లరా?

ఖర్చు: అలారం చవక, స్క్రూలు బిగిస్తే చాలు. స్ప్రింక్లర్లకు పైపులు, సరిపడా నీటి ఒత్తిడి కావాలి. ఇల్లు కట్టేటప్పుడే వేయిస్తే తేలిక, తర్వాత అయితే సీలింగ్ విప్పాల్సి రావచ్చు.

శ్రమ: అలారాన్ని నెలకోసారి బటన్ నొక్కి చూడాలి, పదేళ్లకోసారి మార్చాలి. స్ప్రింక్లర్ వాల్వు ఎప్పుడూ తెరిచే ఉండాలి, నీళ్లు చిమ్మే హెడ్‌కు రంగు అంటకూడదు.

ప్రాణరక్షణ: అసలు తేడా ఇక్కడే. అలారం మోగుతుంది, బయటపడాల్సింది మనమే. మంచం దిగలేనివాళ్లు, పసిపిల్లలు ఏం చేస్తారు? సోఫా, పరుపు అంటుకుంటే కొద్ది నిమిషాల్లోనే గదంతా భగ్గుమంటుంది. స్ప్రింక్లర్ సాధారణంగా 68 డిగ్రీల సెల్సియస్ దగ్గర తనంతట తానే తెరుచుకుని, మంట చిన్నగా ఉండగానే అదుపు చేస్తుంది. ఇల్లంతా తడిసిపోతుందని చాలామందికి టెన్షన్. అలా జరగదు, వేడి తగిలిన హెడ్ ఒక్కటే తెరుచుకుంటుంది.

లోటు: స్ప్రింక్లర్ పొగకు స్పందించదు. లోలోపల రాజుకునే నిప్పును అలారమే ముందు పసిగడుతుంది.

అద్దె ఇల్లు, పాత ఇల్లు అయితే ప్రతి పడకగదిలో అలారం పెట్టండి, ఈ రోజే. కొత్తగా కడుతున్నా, ఇంట్లో కదలలేనివాళ్లు ఉన్నా స్ప్రింక్లర్లు వేయించండి. అప్పుడు కూడా అలారం తీసేయొద్దు.