కొత్త కారంపొడి అంగడికెక్కాలంటే 12 అంగుళాల హ్యాండ్ సీలర్ చాలా?

చపాటా మిర్చి కారంపొడినో, సకినాలనో సొంత పేరుతో అమ్మాలని వరంగల్, హన్మకొండ, జనగామ వైపు చాలామంది అనుకుంటారు. ఆలోచన ఆగిపోయేది ప్యాకింగ్ దగ్గరే. పౌచ్‌లను వరసగా లాక్కుని అతికించే బ్యాండ్ సీలర్ యంత్రం కొనాలి, ప్రింటు చేసిన పౌచ్‌లు కొట్టించాలి అనేసరికి వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్‌కు కొత్త మిర్చి వచ్చే కాలం దాటిపోతుంది. మొదటి రెండు మూడు వందల పొట్లాలకు అవేవీ అక్కర్లేదు. పౌచ్ మూతిని చేత్తో నొక్కి వేడితో అతికించే 12 అంగుళాల హ్యాండ్ సీలర్, రెడీమేడ్ పౌచ్‌లు, స్టిక్కర్లు చాలు. కారంపొడి వరకు ఈ మాట గట్టిగా చెప్పొచ్చు.

ఈ సీలర్‌లో కరెంటుతో వేడెక్కే నైక్రోమ్ లోహపు పట్టీ, దాని మీద టెఫ్లాన్ గుడ్డ, లోపల ట్రాన్స్‌ఫార్మర్, పక్కన టైమర్ ఉంటాయి. నొక్కినప్పుడే పట్టీ వేడెక్కుతుంది, లైటు ఆరగానే కరెంటు ఆగుతుంది. అప్పుడు చెయ్యి వెంటనే ఎత్తకూడదు, మరో రెండు మూడు సెకన్లు అదిమే ఉంచాలి. కరిగిన ప్లాస్టిక్ ఒత్తిడి కిందే చల్లారితేనే అతుకు గట్టిగా పడుతుంది. సీలర్ మంచిది కాదని వచ్చే ఫిర్యాదులకు ఈ తొందరపాటు కూడా ఒక కారణం.

కారంపొడికి వెలుతురు తగలని మెటలైజ్డ్ (లోహపు పూత) పొర ఉన్న, 100 మైక్రాన్ల దాకా మందమున్న నిలబడే పౌచ్ తీసుకోండి. వెలుతురుకు ఎరుపు వెలిసిపోతుంది. చపాటాకు గిరాకీ ఆ రంగు చూసే కదా! జిప్ ఉన్నా సరే, దాని పైన సీల్ వేయాల్సిందే. జిప్ ఒక్కటే గాలిని, తేమను ఆపదు.

టైమర్‌ను తక్కువలో మొదలుపెట్టి అర గీత చొప్పున పెంచుతూ ఖాళీ పౌచ్‌ల మీద చూసుకోవాలి. చల్లారాక రెండు వైపులా లాగితే అతుకు మెల్లగా విడిపోతే వేడి చాలలేదు. అతుకు నిలిచి ఫిల్మే సాగి చిరిగితే సరిపోయింది. అంచు ముడుచుకున్నా, బుడగలు లేచినా వేడి ఎక్కువైంది. ఆ తర్వాత గాలి నింపి సీల్ చేసిన పౌచ్‌ను నీళ్లలో ముంచి అదమండి. బుడగలు ఎక్కడ వస్తే కారేది అక్కడే. వరసగా వేస్తూ పోతే పట్టీ కింది బద్ద కూడా వేడెక్కుతుంది, అప్పుడు టైమర్ కొంచెం తగ్గించాలి. వోల్టేజీ పడిపోతే అతుకు బలహీనపడుతుంది, పెంచాలి. ఊళ్లల్లో రెండోది ఎక్కువగా ఎదురవుతుంది, అందుకే గంటకోసారి లాగి చూడటం మానొద్దు.

దీని అసలు లోపం, అతుకు 2 మి.మీ. వెడల్పే పడటం. మూతి దగ్గర కొంచెం కారం అంటుకున్నా అక్కడ సన్నటి సొరంగం మిగులుతుంది, వానకాలంలో దాంట్లోంచే తేమ లోపలికి చేరి పొడి గడ్డకడుతుంది. పొడవాటి గరాటు మూతి జిప్ కిందికి దిగేలా పెట్టి పొడి పోయాలి. మూతి లోపల పొడి గుడ్డతో తుడిచి, కాస్త ఎడంతో రెండు అతుకులు వేయాలి.  పక్కల మడత ఉన్న పౌచ్‌లు మాత్రం దీనికి వద్దు. మడత దగ్గర నాలుగు పొరలు, మధ్యలో రెండే ఉంటాయి కాబట్టి ఒకే వేడి రెండు చోట్లా సరిపడదు. అసలు పొడిలోనే తేమ 11 శాతం దాటితే ఏ సీలూ కాపాడదు. ప్రభుత్వ ఆహార ప్రమాణాల్లో ఉన్న పరిమితి కూడా అదే.

సకినాలకు ఈ సీలర్‌ను సగం మనసుతోనే మెచ్చుకుంటాం. నూనె కనరెక్కకుండా నైట్రోజన్ నింపే వీలు ఇందులో లేదు. సంక్రాంతికి చేసి ఆ వారంలోనే అమ్మేసే సరుకుకైతే పర్వాలేదు. పూర్తిగా చల్లారకముందే కడితే ఆవిరికి మెత్తబడతాయి, ట్రే లేకుంటే విరిగిన అంచులు పౌచ్‌కు చిల్లు పెడతాయి.

పౌచ్ మీద రంగుల ప్రింటు మొదట్లోనే వద్దు. ఒక్కో రంగుకు ఒక్కో ప్రింటింగ్ సిలిండర్ చేయించాలి, పౌచ్‌లు కూడా భారీగా తీసుకోవాలి. లేబుల్‌లో ఒక్క అక్షరం తప్పుపడినా అంతా వృథా. స్టిక్కర్ అయితే రేపే మార్చుకోవచ్చు. అందులో ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, పచ్చచుక్క గుర్తు, పదార్థాలు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలో, నికర బరువు, ఎమ్మార్పీ, తయారీదారు చిరునామా, ఫిర్యాదులకు ఫోన్ నంబరు ఉండాలి. చాలామంది వదిలేసేది గ్రాము ధర: 100 గ్రాములు 80 రూపాయలైతే గ్రాముకు 0.80 అని రాయాలి. నికర బరువంటే పౌచ్ బరువు తీసేసినది, తూకం యంత్రానికి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు ఆ సంస్థ వెబ్‌సైటైన ఫోస్‌కోస్ పోర్టల్‌లో చేసుకోవచ్చు. నంబరు చేతికి వచ్చాకే స్టిక్కర్లు కొట్టించండి.

‘వరంగల్ చపాటా’కు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు లోగో వేయాలంటే అధీకృత వాడకందారుగా నమోదు కావాలి. అది పూర్తయ్యేదాకా సొంత బ్రాండ్ పేరుతోనే మొదలుపెట్టండి.

కొనేటప్పుడు దుకాణంలోనే మీ పౌచ్‌తో సీల్ వేయించి చూడండి. అతుకు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకేలా పడాలి, మధ్యలో సన్నబడితే ఆ పట్టీ వంగి ఉన్నట్టు. విడి నైక్రోమ్ పట్టీలు, టెఫ్లాన్ గుడ్డ అప్పుడే తీసుకోండి. గుడ్డ నల్లబడి మాడితే పౌచ్ దానికి అంటుకుంటుంది, అంతవరకు ఆగకుండా మార్చేయాలి.