కొనెయ్యాలా, కట్టుకోవాలా?

కంపెనీ పెరగడానికి రెండు దారులు: ఇంకో కంపెనీని కొనెయ్యడం, లేదా సొంతంగా ప్లాంట్లు కట్టుకోవడం. హైదరాబాద్ ఫార్మాలో రెండూ కనిపిస్తాయి.

డబ్బు: డాక్టర్ రెడ్డీస్ 2006లో జర్మనీ మందుల కంపెనీ బీటాఫార్మ్‌ను 48 కోట్ల యూరోలకు కొంది. అంత సొమ్ము ఒకేసారి కావాలి. మరో హైదరాబాద్ ఫార్మా కంపెనీ దివీస్ మాత్రం చౌటుప్పల్, విశాఖ దగ్గర చిప్పాడ, తర్వాత కాకినాడ అంటూ సొంతంగా ప్లాంట్లు వేసుకుంటూ వచ్చింది. ఖర్చు విడతలవారీ.

శ్రమ: కొంటే బ్రాండు, లైసెన్సులు, సేల్స్ సిబ్బంది వెంటనే చేతికొస్తాయి. కడితే భూమి, అనుమతులు, తనిఖీలు... ఏళ్లు పడుతుంది.

రిస్కు: అసలు కథ ఇక్కడుంది. బీటాఫార్మ్‌ను కొన్న కొద్దికాలానికే జర్మనీ బీమా సంస్థలు టెండర్లు పిలిచి, తక్కువ ధర వేసినవాళ్లకే సరఫరా ఇవ్వసాగాయి. ఇక డాక్టర్ల చుట్టూ తిరిగే సేల్స్ బృందానికి విలువేముంటుంది? రెడ్డీస్ పెట్టుబడిలో పెద్ద మొత్తమే నష్టంగా రాసేసుకోవాల్సి వచ్చింది. ఖాతాలు ఎంత జల్లెడ పట్టినా ఇలాంటిది బయటపడదు. కట్టుకున్నవాళ్లకూ దెబ్బలుంటాయి లెండి: 2017లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దివీస్ విశాఖ యూనిట్‌పై దిగుమతి ఆంక్ష పెట్టింది, అదే ఏడాది ఎత్తేసింది.

కొత్త దేశం, తెలియని మార్కెట్, అప్పు మోసే శక్తి ఉంటే కొనడం. తెలిసిన పనినే పెంచాలంటే కట్టుకోవడం. చేతిలో డబ్బు తక్కువైతే మొత్తం కంపెనీ ఎందుకు, ఒక్క బ్రాండో, మూతపడ్డ యూనిట్టో బేరమాడొచ్చు.