జాగ్రత్త: "నీళ్ళక్కర్లేని దేశవాళీ పూల గింజలు" ప్యాకెట్టు కొనేముందు

తొలకరి పడుతుందనగానే విజయవాడ, గుంటూరుల్లో కలగలుపు పూలగింజల ప్యాకెట్లు దిగిపోతాయి. నర్సరీల గల్లాపెట్టె పక్కన, వాట్సాప్ గ్రూపుల్లో, ఆన్‌లైన్‌లో ఎక్కడ చూసినా అదే మాట: దేశవాళీ అడవిపూలు, నీళ్ళు పొయ్యక్కర్లేదు, ఒక్కసారి చల్లితే ఏళ్ళతరబడి పూస్తాయి. అట్టమీద తంగేడు, శంఖుపుష్పం, విష్ణుక్రాంత, వెంపలి బొమ్మలు. లోపల ఉన్నది వేరు.

అలాంటి ప్యాకెట్టు ఒకటి తెల్ల కాగితం మీద పరిస్తే సగానికి పైగా పొట్టు, ఇసుక, తళతళలాడే వర్మిక్యులైట్ (కుండీ మట్టిలో కలిపే తేలికపాటి ఖనిజం) పొడి. మిగిలినదాంట్లో సన్నగా, నల్లగా, కాస్త వంకర తిరిగిన సూదుల్లాంటివి కాస్మోస్ గింజలు. కుచ్చు తోకతో, నూగుతో ఉన్నవి గైలార్డియా. రెండూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే, ఒక్క సీజన్ పూసి ఎండిపోయేవే. అందుకే ఈ మోసం తొందరగా బయటపడదు. రెండు నెలల్లో కుండీ నిండా పూలు కనబడతాయి, కొన్నవాళ్ళు మంచి రేటింగ్ కూడా ఇచ్చేస్తారు. వేసవికి ఒక్క మొక్కా మిగలదు.

తంగేడు పేరుతో తగిరిస గింజ పోస్తున్నారు. తగిరిస గింజ నున్నగా మెరుస్తూ, ఏటవాలుగా చెక్కిన రాయిముక్కలా పలకలు తేలి ఉంటుంది. తంగేడు గింజకు అలాంటి పదునైన పలకలుండవు, చదునుగా, కోలగా ఉంటుంది. తగిరిస ఏడాది మొక్క, తంగేడు ఏళ్ళపాటు బతికే పొద. వీలైతే గింజ కాకుండా ఎండుకాయలే అడగండి. తంగేడు కాయ పలచటి కాగితంలాంటి చదును కాయ, తగిరిస కాయ సన్నగా కొడవలిలా వంగి ఉంటుంది. కాయ చూపిస్తే ఇక మాయ చెయ్యడం కష్టం.

విష్ణుక్రాంత బొమ్మలో పువ్వు రూపాయి బిళ్ళంత ఉంటే ఆ ప్యాకెట్టు అక్కడే పెట్టెయ్యండి. మన నేలమీద పాకే విష్ణుక్రాంత పువ్వు సెంటీమీటరు కూడా ఉండదు. పెద్ద నీలిపూలది దక్షిణ అమెరికా రకం, నర్సరీలవాళ్ళు దాన్ని కొమ్మ కత్తిరింపులతోనే పెంచుతారు.

గింజ అసలుదే అయినా మొలవకపోతే "మీకు నీళ్ళు పెట్టడం రాలేదు" అంటారు అమ్మినవాళ్ళు. ఇందులో కొంత నిజం కూడా ఉంది కాబట్టి, గొడవకు దిగేముందు పరీక్ష సరిగ్గా చెయ్యండి. తంగేడు, శంఖుపుష్పం, వెంపలి మూడూ చిక్కుడు జాతివే. గింజ పైతోలు నీటిని లోపలికి రానివ్వదు. ఊరికే మట్టిలో వేస్తే మంచి గింజైనా నెలల తరబడి అలాగే పడుంటుంది. అది అమ్మినవాడి తప్పు కాదు.

20 గింజలు తీసుకోండి. గింజ కాయకు అతుక్కున్నచోట ఉండే మచ్చ ఎటువైపు ఉందో చూసి, దానికి ఎదురువైపు నెయిల్ కట్టర్‌తో తోలు మాత్రం తెగేలా చిన్న గాటు పెట్టండి. మచ్చ దగ్గర మొలక ఉంటుంది, అక్కడ గీరొద్దు. చిన్న గింజలైతే ఉప్పుకాగితం మధ్య మెల్లగా రుద్దితే చాలు. రాత్రంతా గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టండి. ఉబ్బినవాటిని తడిగుడ్డలో చుట్టి మూత డబ్బాలో నీడన ఉంచండి. ఉబ్బనివాటికి మళ్ళీ గాటు పెట్టండి. పది రోజుల్లో సగమన్నా మొలకెత్తకపోతే గింజ పాతదో, పుచ్చిందో. గింజమీద గుండుసూది మొనంత గుండ్రటి కన్నం ఉంటే అది పుచ్చుపురుగు తిని బయటికొచ్చిన దారి. మరిగే నీళ్ళలో వెయ్యమని కొన్ని ప్యాకెట్ల మీద రాస్తున్నారు, అలా చేస్తే గింజ ఉడుకుతుంది. పొయ్యి మీంచి దించి కాసేపు చల్లారిన నీళ్ళే పొయ్యాలి.

అగ్నిశిఖ గింజ "పది రోజుల్లో గ్యారంటీ మొలక" అంటే పచ్చి అబద్ధం. దానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మొలిచాక దుంప ఊరి పువ్వు రావడానికి రెండు మూడేళ్ళు. పైగా గింజ, దుంప, ఆకు అన్నీ విషమే. ఆ ముక్క అట్టమీద రాయకుండా అమ్మేవాళ్ళ దగ్గర, ఇంట్లో చిన్నపిల్లలుంటే, అసలు కొనొద్దు.

అన్నిటికంటే ప్రమాదం వయ్యారిభామ. కలగలుపులో దాని గింజ రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు, నల్లగా, కొనలో తెల్లటి పొరతో ఉంటుంది. పొట్టులో కలిస్తే కంటికి ఆనదు. అందుకే కొత్త ప్యాకెట్టు గింజల్ని నేరుగా పెరట్లో చల్లకుండా ముందు ఒక ట్రేలో మొలిపించండి. నేలకు అతుక్కుని గుండ్రంగా పరుచుకుని, క్యారెట్ ఆకులా చీలికలు పడిన మొక్క కనిపిస్తే పూతకు రాకముందే చేతికి తొడుగు వేసుకుని వేళ్ళతో సహా పీకండి. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది.

గింజలు గులాబీరంగు పూసి ఉంటే అది పురుగుమందో తెగులు మందో పట్టించిన విత్తనం. చేత్తో ముట్టుకోవద్దు. ఏ మందో రాయకపోతే సీతాకోకచిలుకల కోసమని కొనడం దండగ.

అట్టమీద "మొలక 90 శాతం" అన్నది చూసి మోసపోకండి. 1966 విత్తనాల చట్టం కింద లేబులు నిబంధనలు ప్రభుత్వం నోటిఫై చేసిన (అధికారికంగా ప్రకటించిన) రకాలకే వర్తిస్తాయి. లాట్ నంబరు, పరీక్ష చేసిన తేదీ లేని శాతం ఉత్త అంకె. కోత ఏ నెలలో అయ్యిందో అడగండి. "ఫ్రెష్ స్టాకండీ" అన్నది జవాబు కాదు.

బిల్లు అడిగి తీసుకోండి. ప్యాకెట్టు కత్తిరించకముందు నుంచి గింజలు కాగితం మీద పోసేదాకా ఆపకుండా వీడియో తియ్యండి, తూకం కూడా అందులోనే కనబడాలి. డబ్బు వెనక్కివ్వనంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మొలక పరీక్ష పదో రోజు ఫొటో దాచి ఉంచండి, గాటు పెట్టిన గింజలని అందులో తెలిసేలా.