కొండారెడ్డి బురుజు దగ్గరి ఫ్రేముల దుకాణం: పనితనానికి మార్కులు, అతి చొరవకు కోత

కర్నూలులో కొండారెడ్డి బురుజు నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, ఒక సందులో, బోర్డు లేని ఫ్రేముల దుకాణం ఉంది. దాని పేరేమిటో ఎవరూ చెప్పలేరు. 'ఫోటోల భాయ్' అని అడిగితే మాత్రం మలుపులోని టీ అంగడివాళ్ళు చూపిస్తారు. బొమ్మను మంచి కాగితం మీద అచ్చు వేసి చట్రం కట్టడంలో ఊళ్ళో ఈయనకు సాటి లేదని నా అభిప్రాయం. కానీ పాత బొమ్మ ఇచ్చినప్పుడు మాత్రం దగ్గరుండి చేయించుకోవాలి.

నేను ఒక స్టడీ హాలు నడుపుతున్నాను. రెండో అంతస్తు, నేరుగా స్లాబు కింద. గ్రూప్స్‌కు, బ్యాంకు పరీక్షలకు చదివే పిల్లలు పొద్దున్నే వచ్చి రాత్రిదాకా కూర్చుంటారు. ఇన్నేళ్ళూ గోడల మీద ఉన్నవి ఒక భారతదేశ పటం, 'నిశ్శబ్దం పాటించండి' అన్న అట్ట. ఉగాదికి ముందు రంగులు వేయించి, తూర్పు గోడను వసంతానికి, పడమటి గోడను ధ్రువాల మంచుకు కేటాయించాను. మధ్యాహ్నం మూడు దాటితే ఆ పడమటి గోడ పెనంలా కాలుతుంది, మంచు అక్కడే ఉండాలి. బొమ్మల బదులు స్ఫూర్తి వాక్యాలు రాయించవచ్చు కదా అని మా వారు అన్నారు. రెండు మార్కుల్లో ఉద్యోగం పోయిన పిల్లవాడికి 'కష్టపడితే సాధించలేనిది లేదు' అని గోడ రోజూ చెప్పడం కంటే క్రూరమైన పని నాకు తోచదు.

బొమ్మలు నేనే ఎంచుకున్నాను. ఇంత పాతవాటికి కాపీరైటు గడువు తీరిపోయింది. పెద్ద మ్యూజియాలు, గ్రంథాలయాలు మంచి స్కాన్లు ఉచితంగానే ఇస్తున్నాయి. వాటిని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ నలిగిపోతుంది, అప్పుడు భాయ్‌ని తప్పు పట్టి లాభం లేదు.

తూర్పు గోడకు పెద్ద బొమ్మ ఇటలీ చిత్రకారుడు బొత్తిచెల్లి వేసిన 'ప్రిమావెరా', అంటే వసంతం. 1480 ప్రాంతంలో చెక్క పలక మీద వేసిన ఈ చిత్రం ఫ్లోరెన్సులోని ఉఫీజీ మ్యూజియంలో ఉంది. అసలుది మూడు మీటర్లకు పైగా వెడల్పు. నారింజ తోట, మధ్యలో ప్రేమ దేవత వీనస్. కుడి అంచున పడమటి గాలి దేవుడు జెఫిరస్, నీలి ఒంటితో, బుగ్గలు పూరించి వనకన్య క్లోరిస్‌ను పట్టుకుంటాడు. ఆమె నోటి నుంచి పూలు రాలుతుంటాయి. ఆమే పూల దేవత ఫ్లోరాగా మారి, పక్కనే పూల దుస్తుల్లో నిలబడి ఒడిలోని పూలు చల్లుతుంది. ఎడమ అంచున దేవతల దూత మెర్క్యురీ కర్ర ఎత్తి మబ్బులను కదుపుతుంటాడు. కథ అంతా ఈ అంచు నుంచి ఆ అంచుకు నడుస్తుంది.

కంప్యూటర్ దగ్గర కూర్చునే కుర్రవాడు దీన్ని 24 బై 18 అంగుళాల తయారు చట్రానికి సరిపెట్టేశాడు. 18 అంగుళాల ఎత్తుకు ఈ బొమ్మకు దాదాపు 28 అంగుళాల వెడల్పు కావాలి. తక్కువైన నాలుగు అంగుళాలనూ అటు రెండు, ఇటు రెండు కోసేశాడు. మెర్క్యురీ అంచుకు ఇరుక్కున్నాడు. జెఫిరస్ సగం మాయమై, క్లోరిస్ ఎవరిని చూసి బెదిరిపోతోందో తెలియకుండా పోయింది. 'మధ్యలో దేవత మొత్తం వచ్చింది కదా మేడం' అన్నాడు. దేవుళ్ళ పటాల దుకాణంలో అది న్యాయమైన మాటే. మంత్రాలయం రాఘవేంద్రస్వామి పటంలో ఎవరూ అంచులు చూడరు. అచ్చు వేయకముందే తెర మీద గమనించాను కాబట్టి కాగితం వృథా కాలేదు. భాయ్ వచ్చి, బొమ్మ కొలతకే బీడింగ్ కోయించి కట్టారు. దానికి అదనంగా ఏమీ తీసుకోలేదు.

అచ్చు మాత్రం అద్భుతంగా వచ్చింది. మెరుపు లేని మందపాటి కాగితం. ఫ్లోరా పాదాల దగ్గర ముదురు పచ్చిక నల్లగా ముద్దకట్టలేదు, అందులోని చిన్న పూలు విడివిడిగా కనిపిస్తున్నాయి. రాగాలను బొమ్మలుగా వేసిన రాగమాల చిత్రాల్లోని వసంత రాగిణి కూడా అంతే బాగా కుదిరింది. చేతిలో పూల రెమ్మల పాత్రతో కృష్ణుడు నాట్యం చేస్తుంటే, చుట్టూ స్త్రీలు మద్దెల, తాళాలు వాయిస్తుంటారు. ఆ పసుపు పచ్చ సరిగ్గా పడటం తేలిక కాదు. 1890లో వాన్ గో తన తమ్ముడికి కొడుకు పుట్టినప్పుడు వేసిన బాదం పూల కొమ్మల్లో నీలం కాస్త ముదిరింది, సర్దుకుపోయాను.

పడమటి గోడ దగ్గర అసలు గొడవ మొదలైంది. నలుపు తెలుపు ఫోటోలను రంగు సిరాలతో అచ్చు వేస్తే ట్యూబులైటు కింద ఊదా ఛాయ కొడుతుంది. అంటార్కిటికా యాత్రకు వెళ్ళిన ఫోటోగ్రాఫర్ హెర్బర్ట్ పాంటింగ్ 1911 జనవరిలో మంచుకొండ గుహలోపల నిలబడి, గుహ నోటిలోంచి దూరాన తమ 'టెర్రా నోవా' ఓడ కనిపించేలా తీసిన ఫోటోకు అదే జరిగింది. మంచు వంకాయ రంగుకు తిరిగింది. చెప్పగానే మళ్ళీ వేసి ఇచ్చారు, ఈసారి శుభ్రమైన బూడిద రంగు. చీకటి ఫోటోలకు అద్దం వేయించవద్దు. 1915 ఆగస్టులో షాకిల్టన్ అంటార్కిటికా యాత్ర ఫోటోగ్రాఫర్ ఫ్రాంక్ హర్లీ దాదాపు ఇరవై ఫ్లాష్‌లు వెలిగించి రాత్రి చీకట్లో తీసిన, మంచులో చిక్కిన 'ఎండ్యూరెన్స్' ఓడ, అద్దం వెనక పెట్టగానే కనబడటం మానేసింది. ఓడ బదులు మా సీలింగు ఫ్యాను కనిపించేది. అద్దం తీయించాను.

ఆ ఓడ చివరికి ఏమైందని పిల్లలు అడిగితే తూర్పు గోడ చూపిస్తాను. అంటార్కిటికా దగ్గరి వెడ్డెల్ సముద్రంలో చలికాలమంతా మంచు దాన్ని గట్టిగా పట్టుకుని ఉంది. దక్షిణ గోళంలో అక్టోబరు అంటే వసంతం. మంచు పగిలి, పలకలు కదిలి, ఒకదాని మీదకొకటి తోసుకుంటూ ఓడను నలిపేశాయి. నవంబరు 21న అది మునిగిపోయింది. అంతకుముందు హర్లీ నీళ్ళలో దిగి తన ఫోటోల గాజు నెగెటివ్ పలకలను బయటికి తెచ్చాడు. మోయగలిగేవి కొన్నే కాబట్టి యాత్ర నాయకుడు షాకిల్టన్‌తో కలిసి కూర్చుని 120 ఉంచుకుని, దాదాపు 400 పగలగొట్టాడు, మళ్ళీ మనసు మార్చుకోకుండా. మనం ఫోనులో ఒక్క గుడ్ మార్నింగ్ బొమ్మ తుడిపేయలేం!

షాకిల్టన్ చిత్రం సంగతి కూడా చెప్పాలి. ఇచ్చినప్పుడు కుర్రవాడు 'జననం, మరణం?' అని అడిగాడు. వివరం కోసమేమో అనుకుని 1874, 1922 అని చెప్పాను. అటొక దీపం, ఇటొక దీపం, కింద తేదీలతో సిద్ధమై వచ్చింది. దండ వేయడమే తరువాయి. నవ్వుకుని అలాగే ఉంచుకున్నాను, పాపం ఆయనా పెద్దమనిషే.

కానీ స్ట్రిండ్‌బెర్గ్ తీసిన ఫోటో దగ్గర నవ్వలేకపోయాను. 1897 జూలై 11న ఆంద్రే, స్ట్రిండ్‌బెర్గ్, ఫ్రెంకెల్ అనే ముగ్గురు స్వీడన్‌వాళ్ళు హైడ్రోజన్ బెలూన్‌లో ఉత్తర ధ్రువానికి బయలుదేరారు. మూడు రోజుల్లో బెలూన్ మంచు మీద కూలింది. నడిచి నడిచి ఒక దీవి చేరి అక్కడే చనిపోయారు. 1930లో వాళ్ళ అవశేషాలతో పాటు కెమెరా ఫిల్ములు కూడా దొరికాయి. 33 ఏళ్ళు మంచులో నానిన ఆ ఫిల్ముల నుంచి 93 ఫోటోలు తేలాయి. పక్కకు ఒరిగిన బెలూన్, దాన్ని చూస్తూ ఇద్దరు మనుషులు: నేను ఇచ్చింది ఆ ఫోటోనే. దాని నిండా మచ్చలు, చారలు. దుకాణంలో అవన్నీ తుడిచేశారు. ఆకాశం ఇస్త్రీ చేసిన పంచెలా తెల్లగా వచ్చింది. ఎవరో నిన్న స్టూడియోలో తీసినట్టుంది.

భాయ్ నొచ్చుకున్నారు. అది ఆయన ఎక్కువ కష్టపడి చేసిన పని. 2009 అక్టోబరు వరదలో తుంగభద్ర, హంద్రి ఊళ్ళోకి వచ్చినప్పుడు అద్దాలకు అతుక్కుపోయిన పెళ్ళి ఫోటోలు, పోయిన పెద్దల ఫోటోలు మూటలు మూటలుగా ఆయన దగ్గరకు వచ్చాయట. బురద మరక తీయడం ఆయన అప్పుడే నేర్చుకున్నారు. 'మరక తీయించుకోవడానికే అందరూ వస్తారమ్మా, ఉంచమన్నది మీరే' అన్నారు. అంతటితో ఆగకుండా, 'మీ ఇటలీ బొమ్మను వాళ్ళు కడగలేదా?' అని కూడా అడిగారు. నిజమే, ప్రిమావెరాను 1982లో శుభ్రం చేశారు. అయితే అక్కడ తీసింది తర్వాత పైన పేరుకున్న మురికిని. ఈ ఫోటోలో మచ్చ తీస్తే ఆ 33 ఏళ్ళూ పోతాయి. మీరు తుడిచింది ఆ ముగ్గురికి జరిగినదాన్ని భాయ్, అన్నాను. ఆయన ఒప్పుకున్నారో లేదో తెలియదు కానీ, ముడి ఫైలు తెరిచి, దేన్నీ ముట్టుకోకుండా నా ఎదుటే అచ్చు వేశారు. రెండోసారి కాగితానికి డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

ధర: పెద్ద సైజు అచ్చు, సింథటిక్ బీడింగ్, వెనక చెక్క అట్ట కలిపి ఒక్కోటి రెండు వేలకు కాస్త అటూ ఇటూ. చెక్క బీడింగ్ కూడా ఉంది కానీ మన ఊళ్ళో చెదల సంగతి తెలిసిందే. ఉగాదికి ఇస్తామన్నవి ఉగాది పోయాక వచ్చాయి. మూలలకు అట్ట తొడిగి, పేపర్లు చుట్టి ఆటోలో పంపారు, ఒక్క గీత కూడా పడలేదు. నిలువుగా ఉండే పాంటింగ్ బొమ్మకు కొక్కెం మాత్రం అడ్డంగా కొట్టారు. అది ఇంకా సరిచేయాలి, రెండుసార్లు ఫోను చేశాను.

ఐదుకు నాలుగు ఇస్తున్నాను. 'అంచులు కోయవద్దు, మచ్చలు తీయవద్దు, తేదీలు వేయవద్దు' అని ఆర్డరు చీటీ మీదే రాయించండి. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళకు దుకాణం మూసి ఉంటుంది, నాలుగు తర్వాత వెళ్ళండి.