పాత డిఫెండరా, కొత్త డిఫెండరా?

ల్యాండ్ రోవర్ కంపెనీ జీపు లాంటి బండి డిఫెండర్. పాతదాని తయారీ 2016 జనవరిలో ఆగింది. కొత్తది 2019లో వచ్చింది. పేరు ఒకటే, యజమానుల తీరే వేరు.

ఖర్చు: పాతదాన్ని కొన్నాక తుప్పు మీద డబ్బు పోస్తూనే ఉండాలి. కొత్తదానికి కొనేటప్పుడే భారం.

శ్రమ: పాత బండి యజమాని బానెట్ ఎత్తి, చేతులకు గ్రీజు పూసుకుని, ఇంజన్ చప్పుడు విని జబ్బేమిటో చెప్పేస్తాడు. ఆ చెవి అంటే నాకు గౌరవం. కొత్తదానికి లాప్‌టాప్ తగిలించాల్సిందే.

రిస్క్: పాతది 500 మిల్లీమీటర్ల లోతు నీళ్లు దాటుతుంది, కొత్తది 900. పాతదానికి ఎయిర్‌బ్యాగులే లేవు. అందుకే కొత్త డిఫెండర్ కొన్నవాళ్లది ఉత్త షోకు అని పాత బండి యజమానులు తీసిపారేయడం అన్యాయం.

పిల్లలతో దూర ప్రయాణాలా? కొత్తదే. సెలవంతా స్పానర్‌తో గడపడమే సంతోషమా? కళ్లు మూసుకుని పాతది తీసుకోండి.