బరంపురంలోని పత్రాల సేవా కేంద్రం: ఇటలీ వెళ్లే కుటుంబాలకు ఎంతవరకు ఉపయోగం?

మా తమ్ముడు భార్యాపిల్లలతో ఇటలీలో స్థిరపడే సందర్భంలో, విదేశీ పత్రాల పని చేసిపెట్టే బరంపురం కేంద్రం ఒకదాని సేవలను మేము వినియోగించుకున్నాము. పిల్లల జనన ధ్రువపత్రాలకు ముందుగా రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, తరువాత విదేశాంగ శాఖ అపోస్టిల్ (పత్రం విదేశాలలో చెల్లేలా ఇచ్చే ధ్రువీకరణ), ఆపైన ఇటాలియన్ అనువాదం అనే వరుసను వారు చక్కగా పాటించారు. ప్రతి పేరునూ పాస్‌పోర్టుతో సరిచూసిన శ్రద్ధ మెచ్చుకోదగినది; ఒడియా పత్రాలలో మన ఇంటిపేర్లు పడే పాట్లు గంజాం తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు.

అయితే వారి జ్ఞానం విమానం ఎక్కించడంతో ముగుస్తుంది. ఇటలీ చేరిన 8 పనిదినాలలోగా పెర్మెస్సో ది సోజోర్నో అనే నివాస అనుమతి ప్రక్రియ మొదలుపెట్టాలని వారు చెప్పనేలేదు. ఆ అనుమతి చేతికందేదాకా పిల్లలను బడిలో చేర్చుకోరని చెప్పడం మరీ పొరపాటు: అక్కడ 6 నుంచి 16 ఏళ్ల వరకు చదువు నిర్బంధం, వలస వచ్చిన పిల్లలను విద్యాసంవత్సరం మధ్యలోనైనా, సాధారణంగా వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకుంటారు. ప్రాథమిక పాఠశాలలో పాఠ్యపుస్తకాలు కూడా ఉచితమే.

రుసుము సమంజసంగానే ఉంది. పత్రాల పనిని నిస్సంకోచంగా అప్పగించవచ్చు; బడి సంగతులు మాత్రం అక్కడి పాఠశాల కార్యాలయాన్నే అడగడం మేలు.